మిణుగురుకు అరవై రోకటిపోట్లు

మూసిన మూడో ఏడు, 204వ రోజు. బావి: ఏడు మూరలు.

ఈ పొద్దున గాలిబుట్ట పడింది. కోస్తా సంఘాలవాళ్ళు బూరలకు కట్టి వదిలే బుట్టల్లో పదింటికి ఒకటి మా గనిలో దిగితే గొప్ప. తక్కినవి పైన ముళ్ళకంపల మీద చిరిగి వేలాడుతుంటాయి, మేము కింద నుంచి చూస్తూ ఉంటాం. బుట్టల్ని కావలోడు ఏమీ అనడు. వాడికి మనుషులతోనే పని.

ఉప్పు, సబ్బులు, జ్వరం బిళ్ళలు. అన్నిటికీ అడుగున, కరపత్రంలో చుట్టి, తుపాకి మీద బిగించే దుర్భిణి ఒకటి. గొట్టం మీద మిణుగురు బొమ్మ. నేను చుట్టిన కాగితం ముందు చదివాను, దుర్భిణి తర్వాత చూశాను. నాకు చదువు చెప్పింది ఈ కాగితాలే. సబ్బుకు చుట్టిన సగం, సీసాకు చుట్టిన పావు, అలా పోగేసి నలభై ఒకటి దాచుకున్నాను. ఇది నలభై రెండోది: 'దొరల అద్దం, జనం అద్దం'. అద్దాల కార్మికుల సంఘం వేసింది. గొప్ప దుర్భిణికీ చవక దుర్భిణికీ తేడా పెట్టెమీది బంగారు అక్షరాల్లోనే ఉందట, చూపు ఎవడి సొత్తూ కాదట. చదువుతుంటే ఒళ్ళు జలదరించింది. చివరి పేజీ లేదు.

మా పెద్దతుపాకి మీద తాతల నాటి గరుడ మార్కు దుర్భిణి ఉండేది. దాని అద్దానికి లోపల బూజు పట్టి రెండేళ్ళయింది. అప్పటి నుంచి తుపాకి ఉన్నా లేనట్టే. కావలోడు ఉండేది ఆరువందల అంగల దూరంలో, మెట్ట కొనమీద. వాడి కన్ను జానెడు వెడల్పు. వట్టి కంటితో దాన్ని ఎవరు కొడతారు?

ఆ కావలి యంత్రాన్ని అక్కడ పెట్టింది మా తాతలే, నాపరాతి గనికి దొంగలు రాకుండా. మా మెడల్లో బిళ్ళలు చూసి మమ్మల్ని వదిలేసేవాడు. మూడేళ్ళ కిందట ఒక రోజు బిళ్ళల్ని గుర్తుపట్టడం మానేశాడు. ఆ రోజు బయట పనిలో ఉన్న పదకొండు మందీ తిరిగి రాలేదు. మా నాయన అందులో ఒకడు. ఆ తర్వాత గోడమీదికి తల ఎత్తిన నలుగురు. ఇప్పుడు నలభై ఆరు మందిమి, నిలువుగా కోసిన నాలుగు రాతి గోడలు, ఒక వాకిలి, ఒక బావి. పొద్దున్నే బావిలోకి తాడు వదిలి నీళ్ళు కొలవడం నా పని. నిరుడు ఇదే రోజుకు పదమూడు మూరలు.

మధ్యాహ్నం అందరూ చేరారు. మాలో గురి తెలిసిన మనిషి ఓబుళమ్మత్త ఒక్కతే. అరవై దాటింది. దుర్భిణిని కంటికి పెట్టుకోలేదు; టెంకాయను ఊపినట్టు చెవి దగ్గర ఊపింది.

"లోపల ఏందో కదులుతాండాది. పెద్దతుపాకి తన్ను గోడను పగలగొడ్తాది. దీనికి నిలిచేది కాదు ఇది. చవక సరుకు."

ఆ చవక సరుకు అన్న మాట నా నెత్తికెక్కింది. లేచి నిలబడి చెప్పాను: చేసినవాళ్ళు చవక కాదు, మనలాంటి కూలోళ్ళే చేశారు, దొర మార్కు లేదని అనుమానించడం దొర బుద్ధి అని. ఇంకా చాలా చెప్పాను.

"మనలాంటోళ్ళే చేసినారు గాబట్టే అడుగుతాండా" అంది అత్త.

అందరూ నవ్వారు. నన్ను చూసి నవ్వితే నాకు కళ్ళు కనబడవు. "నిలుస్తాది. నేను చెప్తాండా, రాసుకోండి" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. ఎందుకు ఆగిందో నాకు ఒక క్షణం తర్వాత అర్థమైంది. మా గనిలో ఒక కట్టుబాటు ఉంది. తాడు గాని నిచ్చెన గాని కప్పీ గాని, 'నిలుస్తుంది' అని చెప్పినవాడే మొదట దాని కింద నిలబడాలి. బండలు కోసే రోజుల నుంచీ అంతే. దుర్భిణి కింద నిలబడడం అంటే వాకిట్లో నిలబడడం. కావలోడు కంటిరెప్ప మూసుకుని ఉంటాడు. వాకిట్లో మనిషి కనిపిస్తేనే రెప్ప తెరుస్తాడు. బొమ్మను పెట్టి చూశాం, మేకను పంపి చూశాం, తెరవలేదు. మనిషి వేడి కావాలి, మనిషి నడక కావాలి. కదలకుండా నిలబడితే ఊరికే చూసి, కాసేపటికి రెప్ప మూసుకుంటాడు. కదిలితే కొడతాడు. వాడు చూస్తున్నప్పుడే పక్క సందులోంచి తుపాకి వాడి కంట్లోకి పేలాలి.

సుంకన్న పెద్దయ్య గని పుస్తకం తెరిచాడు. మా తగువులూ కట్టుబాట్లూ ఆయన చేతిలోనే. "ఇప్పుడే రాయను మద్దిలేటీ. పరీక్ష చేసి చెప్పు. నిలుస్తాదా, నిలవదా. రెండే మాటలు" అన్నాడు.

బయట కావలోడు ఒకడు చాలడని, నా నోరు నాకు ఇంకో గోడ కట్టింది.

206వ రోజు. బావి: ఆరున్నర.

రెండు రోజులు ఖాసిం మామ కొలిమి దగ్గరే. గొట్టాన్ని తుపాకికి పట్టి ఉంచడానికి రెండు ఇనప కడియాలు కొట్టాడు. బిగించాక, కడియమూ గొట్టమూ కలిసేచోట కాటుకతో వెంట్రుకంత గీత గీశాడు. గొట్టం జారితే గీత తెగుతుంది. "తప్పు నా కడియానిదా, నీ మిణుగురుదా అని రేపు కొట్లాట లేకుండా" అన్నాడు.

తూటాలు తొమ్మిది. గనికి ఆ కొనన, మూడువందల అంగల దూరంలో, గోడ మీద సున్నం చుక్క పెట్టాం. ఇప్పటికి రెండే కాల్చాలని అత్త చెప్పింది. మొదటిది నేను కాలుస్తానని పట్టుబట్టాను. నా దుర్భిణి కదా.

దుర్భిణికి కన్ను ఎంత ఎడంగా పెట్టాలో ఆమె చెబుతూనే ఉంది, నేను వినిపించుకోలేదు. పేలింది. భుజం ఊడిపోయిందనుకున్నాను. గొట్టం అంచు వచ్చి కనుబొమ్మ మీద కొట్టింది. లేచేసరికి కళ్ళలో నెత్తురు.

"ముద్దు పెట్టిందా?" అంది అత్త. నవ్వుతూనే కొంగు చింపి కట్టు కట్టింది.

నా తూటా చుక్కకు నాలుగు వేళ్ళు ఎడమగా తగిలింది. కొత్త దుర్భిణికి అది తప్పు కాదు, ఇంకా గురి కట్టలేదు. రెండోది అత్త కాల్చింది. గురి సరిచేసే మర ముట్టుకోలేదు, ఏమీ మార్చలేదు. నాది పడినచోటే ఆమెదీ పడాలి. జానెడు కిందికి పడింది.

ఖాసిం మామ వంగి కాటుక గీత చూశాడు. తెగలేదు. కడియం జారలేదన్నమాట. కదిలింది లోపల.

గీతే వంకరగా గీశావని మామ మీద అరిచాను. ఆయన సుత్తి నా చేతిలో పెట్టి జావ తాగడానికి వెళ్ళిపోయాడు. నేను సుత్తి పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాను. క్షమించమని అడగడానికి వెళ్ళేసరికి జావ అయిపోయింది, ఆయన నిద్రపోతున్నాడు.

207వ రోజు.

బావి కొలవలేదు. ఎందుకంటే, కొలిస్తే ఏం చేయాలో తెలిసిపోతుంది.

ఉన్నదున్నట్టు రాసుకుంటాను. 'నిలవదు' అని చెప్పవచ్చు. అది నిజం కూడా. చెబితే నేను వాకిట్లో నిలబడక్కర్లేదు, ఒక్కరూ నన్ను పిరికివాడు అనరు. నిజమే వచ్చి నాకు తప్పుకునే దారి చూపిస్తోంది. అందుకే దాని మీద నమ్మకం కుదరడం లేదు. 'నిలుస్తుంది' అని చెబితే చచ్చిపోతాను, నాతో పాటు అత్త చేతిలోని తూటాలూ వృథా. తర్వాత నలభై ఐదు మందీ బావి అడుగున బురద పిండుకుంటారు.

నలభై రెండో కరపత్రం మళ్ళీ చదివాను. తుపాకి తన్ను గురించి ఒక్క ముక్క లేదు. కుందేళ్ళు కొట్టుకునే చిన్న తుపాకుల కోసం చేశారేమో. చివరి పేజీలో ఉందేమో. రాసినవాడు ఎదురుగా ఉంటే గొంతు పట్టుకుని అడిగేవాణ్ణి: అన్నా, ఎంత తన్ను కొలిచి చూశారు? ఎన్నిసార్లు?

208వ రోజు. బావి: ఐదూ ముప్పావు. రోజుకు పావు మూర కన్నా ఎక్కువే తగ్గుతోంది.

ఏడు తూటాలతో పరీక్ష ఎలా చేయాలి, పరీక్షకే అయిపోతాయి కదా అని నేను తల పట్టుకుంటే, ఓబుళమ్మత్త కొర్రలు దంచుతూ చెప్పింది. "రోకలికి తూటా అక్కర్లేదు."

మధ్యాహ్నానికల్లా కట్టేశాం. నూనె రాసిన బండ మీద ఒక చింతదుంగ. దుంగ మీద దుర్భిణిని కడియాలతో సహా బిగించాం. దూలం నుంచి ఇనప పొన్ను రోకలిని అడ్డంగా వేలాడగట్టి, వెనక్కి లాగి వదిలితే వచ్చి దుంగ ముందు మొహాన కొడుతుంది. దుంగ వెనక్కి ఎగిరిపడుతుంది, అచ్చం తుపాకి తన్నినట్టు. మళ్ళీ దుంగను తోసి రెండు రాళ్ళ మధ్య గూట్లో పెడితే మొదట ఉన్నచోటే కూర్చుంటుంది. అప్పుడు దుర్భిణిలో చూడాలి. ఎదురుగోడ మీద సున్నం చుక్క, దుర్భిణిలోని ప్లస్ గుర్తు ఒకదాని మీద ఒకటి ఉన్నాయా, తప్పాయా? కొట్టేది ఎంత గట్టిగా అంటే, ఓబుళమ్మత్త దుంగ వెనక అరచెయ్యి పెట్టి చూసి, ఇంకా రోంత, ఇంకా రోంత అంటూ, పెద్దతుపాకి భుజానికి ఎలా తగులుతుందో అలా తగిలే వరకూ తాడు పొడుగు చేయించింది. నలభై ఏళ్ళుగా ఆ తన్ను తిన్న మనిషి. అంతకన్నా కొలమానం మా దగ్గర లేదు.

పది పోట్లు: చుక్క నుంచి గుర్తు సజ్జగింజంత తప్పింది. ఇరవై: మూడు గింజలు. ముప్పై: ఐదు.

పెద్దయ్య వచ్చి చూసి, నా మొహం కూడా చూసి వెళ్ళిపోయాడు.

నాకు పిచ్చి కోపం వచ్చింది. దుర్భిణి మీద కాదు, ఇంకెవరి మీదో, ఎవరి మీదో తెలియదు. లాగి వదిలాను, లాగి వదిలాను. అత్త చాలు అంది. ఖాసిం మామ పగిలిపోతాది అన్నాడు. పగిలితే పగలనీ అని లాగి వదిలాను. మామ ఆగి ఆగి కంటికి పెట్టుకుని చూస్తున్నాడు. నలభైకి ఏడు గింజలు. యాభైకి ఏడున్నర. అరవైకి ఎనిమిది.

డెబ్భైకి ఎనిమిది. ఎనభైకి ఎనిమిది. వందకు ఎనిమిది.

ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మామ కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఎనిమిది గింజలే.

"లోపల అద్దం పట్టీ వదులుగా ఉండాది" అన్నాడు మామ. "తన్నిన కొద్దీ ముందుకు జారతాండాది. ఇప్పుడు గోడకు ఆనుకున్యాది. ఇంక పోయేదానికి చోటు లేదు."

చోటు లేకపోతే నిలబడుతుంది. మాలాగే.

211వ రోజు. బావి: ఐదు మూరలకు నాలుగు వేళ్ళు తక్కువ.

వంద పోట్లు తిన్న దుర్భిణిని తుపాకికి ఎక్కించాం. ఒకటి కాల్చి, అది పడినచోటు చూసి అత్త మరలు తిప్పింది. మరల మీద గోటితో టకటకా తట్టింది. చవక మరలు తిప్పగానే కదలవట, తడితే గాని మాట వినవట. తర్వాత మూడు కాల్చింది. మూడు తూటాలూ సున్నం చుక్కలోనే, అరచెయ్యి మూసేంత చోటులో. కాటుక గీత తెగలేదు.

మూడు తూటాలు మిగిలాయి. ఇంకొకటి కాలుద్దామన్నాను. "ముచ్చటకా?" అంది అత్త.

నిలబడింది. గర్వంగా ఉండాల్సింది. ఇక వాకిట్లో నిలబడాల్సింది నేను.

213వ రోజు.

పుస్తకం దగ్గర పెద్ద గొడవ.

"నిలుస్తుంది, కానీ అరవై పోట్లు వేశాకే" అని రాయమన్నాను. పుస్తకంలో 'కానీ' రాయరన్నాడు పెద్దయ్య. ఎనభై ఏళ్ళ పుస్తకం, తిరగేసి చూపించాడు. తాడు నిలుస్తుంది. నిచ్చెన నిలవదు. తాడు నిలుస్తుంది. 'కానీ' అన్న మాట ఎక్కడా లేదు. కట్టుబాటు పెట్టిందే అందుకట: 'కానీ' దొరికితే మనిషి అందులో దాక్కుంటాడట.

దాక్కోవడానికి కాదు, రేపు ఇంకెవడో ఈ రాత నమ్మి కొత్త మిణుగురును నేరుగా తుపాకికి బిగించి చస్తాడు, వాడి కోసం అన్నాను. ఈ పుస్తకంలో సగం మంది అలాగే చచ్చి ఉంటారని కూడా అన్నాను. అది ఎక్కువైంది. పెద్దయ్య తమ్ముడు తాడు తెగి పోయినవాడే. ఆయన కలం నా వైపు తోశాడు.

"నువ్వే రాయి. కిందనే నీ పేరు గూడా రాయి. వాకిట్లో నిలబడేది నువ్వు గదా, నీ 'కానీ' నీతోనే నిలబడనీ."

రాశాను. కింద నా పేరు కూడా.

216వ రోజు, పొద్దున. బావి: మూడున్నర. అడుగున బురద తగులుతోంది.

ఇంకాసేపట్లో వాకిలి దగ్గరికి పోవాలి. పొద్దెక్కితే ఎండ అత్త కంట్లో పడుతుంది. కరపత్రాలన్నీ కట్టగట్టి ఖాసిం మామకు ఇచ్చాను. కొలిమి రాజేసుకోవడానికి బాగుంటాయన్నాడు. హాస్యానికే అన్నాడు. నేను కూడా నవ్వాను.

217వ రోజు.

చేతులు ఇప్పుడు స్వాధీనంలోకి వచ్చాయి. నిన్న జరిగింది వరసగా రాస్తాను.

తుపాకిని కొలిమి దగ్గర నుంచి వాకిలి దాకా నేనే మోసుకొచ్చాను. వాకిట్లో గడపరాయి ఉంది. పక్క సందులో అత్త బోర్లా పడుకునేందుకు గోతాలు పరిచారు. తుపాకి ఆమెకు అందించి, తలపాగా తీసేసి, గడప దాటి రెండు అంగలు వేసి ఆగాను. ఎదురుగా మెట్ట. మూడేళ్ళలో మొదటిసారి అడ్డం లేకుండా చూశాను. పచ్చగా ఉంది. పచ్చగా ఉంటుందని అనుకోలేదు.

రెప్ప తెరుచుకుంది. అంత దూరం నుంచి వినపడదు గాని, విన్నట్టే అనిపించింది. నల్లటి కన్ను. నేను ఊపిరి సగంలో ఆపాను. వెనక తుపాకి పేలింది.

మెట్టమీద నిప్పురవ్వ లేచింది. కన్నుకు పైన. కన్ను అలాగే ఉంది.

"పైకి పోయింది" అంది అత్త గొంతు. తర్వాత కాసేపటికి, "రెప్ప విరిగింది. మూసుకోవడంల్యా. అబ్బయ్యా, కదలాకు."

రెప్ప మూసుకుంటే ఒక్క గెంతున లోపలికి రావచ్చు. మళ్ళీ తెరుచుకునేసరికి గోడచాటున ఉంటాం. ఇప్పుడు మూసుకోవడమే లేదు. నేను కదలడానికి ఒక్క క్షణం కూడా లేదు. కుడికాలు ముందు, ఎడమకాలు వెనక, చేతులు తొడల పక్కన. అలా ఆగిపోయాను గనక అలాగే ఉండాలి. ఎంతసేపో తెలియదు.

తూటాలు రెండు. అత్త వెంటనే ఇంకొకటి కాల్చలేదు. కాల్చమని లోపల ఎవరో అన్నారు. దుర్భిణి చెడింది, ఎక్కడికి పోతుందో తెలియకుండా యాల కాల్చేది అంది. ఇంకెవరో నా పేరు పెట్టి తిట్టారు. 'చవక సరుకు' అన్న మాట మళ్ళీ వినపడింది. నాకు కోపం రాలేదు. కోపం రావాలంటే ఒళ్ళు కొంచెం కదలాలని నిన్నే తెలిసింది.

ఎండ పెరిగింది. కనుబొమ్మ మీది పుండులోంచి చెమట కంట్లోకి దిగుతోంది. నేను రెప్ప ఆర్పితే వాడు చూస్తాడో లేదో ఎవరికి తెలుసు? ఆర్పకుండా ఉండలేక ఆర్పాను. కొట్టలేదు. రెప్పలు ఆర్పవచ్చని తెలుసుకున్నాను. పెద్ద సంపద దొరికినట్టయింది.

అక్కడ నిలబడి లెక్క వేయడం తప్ప చేసే పని లేదు. వంద పోట్లకు కదలనిది, నాలుగు తూటాలకు కదలనిది, ఐదో తూటాకు ఎందుకు కదిలింది? కాదు. ఐదో తూటా పేలకముందే కదిలింది. చుక్కలో మూడో తూటా తర్వాత కొలిమిలో ఐదు రోజులు గుడ్డ చుట్టి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. పొద్దున నేనే తీశాను. నేనే మోశాను. గడప దగ్గరికి వచ్చి...

గడపరాయికి మూడు తట్లు కొట్టాను.

మా గనిలో ఏ పనిముట్టయినా కొత్తగా పనికి పోతుంటే గడపకు మూడు తట్లు కొడతాం. పారయినా, చీపురయినా. నలభై రెండు కరపత్రాలు చదివి, మూఢాచారాల మీద నలుగురితో తగవులాడిన నేను, తుపాకి మడమ రాతికి ఆనించి, టక్ టక్ టక్ అని కొట్టి అత్తకు అందించాను. కొట్టినట్టు నాకే తెలియదు. చూసినవాళ్ళకూ కొట్టినట్టు అనిపించలేదు, కొట్టకపోతే కదా కనిపించేది. మేము పోట్లు వేసింది ముందు నుంచి. తట్లు వెనక నుంచి. ముందుకు జారి కూర్చున్న పట్టీ మూడు తట్లకు వెనక్కి లేచింది.

పెదవులు కదలకుండా, పళ్ళ సందుల్లోంచి చెప్పాను. మొదట అత్తకు అర్థం కాలేదు, నేను ఏడుస్తున్నానని అనుకుందట. రెండోసారి చెప్పాను: "తట్లు కొడితి అత్తా. మల్ల దంచండి. అరవై."

తర్వాత పెద్దయ్య గొంతు, చాలా మెల్లగా: "ఔ. కొట్టినాడు. నేను చూస్తాండ్య."

వాళ్ళు కడియాలతో సహా దుర్భిణిని విప్పి తీసుకుపోయారు. దుంగ దగ్గర మొదలైంది. నా వీపు వెనక, గోడల్లో మారుమోగుతూ, ఒక్కొక్క పోటు. నేను లెక్కపెట్టాను. మధ్యలో ఎడమ పిక్క పట్టేసింది. ముప్పై ఒకటో ముప్పై రెండో తప్పిపోయింది. మెడ మీద గండుచీమ ఎక్కి చెవి వెనక్కి పోయింది, అక్కడే తిరుగుతోంది. యాభై దాకా వచ్చి ఆగిపోయారు, తాడు తెగిందట, ముడి వేసుకున్నారు. మళ్ళీ మొదలుపెట్టారు. పోట్లు ఆగాక అత్త వచ్చి పడుకున్న చప్పుడు విన్నాను గాని తుపాకి పేలలేదు. సూర్యుడు ఎదురుకొచ్చాడట. దిగేదాకా ఆగాలంది. అరవయ్యేళ్ళ మనిషి, గోతాల మీద బోర్లా, నాతో పాటే ఆగింది. ఆమె కూడా కదల్లేదని తర్వాత మామ చెప్పాడు.

నా నీడ కాళ్ళ కింద నుంచి వెనక్కి పోయింది, గడప దాటే ఉంటుంది. నీడ పొడుగవుతుంటే వాడు కొడతాడేమోనని భయపడ్డాను. అంత పిచ్చి పట్టింది.

"ఊపిరి బిగబట్టు" అంది అత్త.

పేలింది. రవ్వ లేవలేదు. అద్దం పగిలిన మెరుపు ఒకటి జలజలా మెట్ట రాళ్ళ మీదికి జారింది.

ఎవరూ అరవలేదు. కన్ను పోయింది నిజమే. కాని వాడికి ఒకటే కన్నా? తాతలు చెప్పింది ఒకటేనని. తాతలు బిళ్ళల సంగతి కూడా చెప్పారు. తెలుసుకునే మార్గం ఒకటే: ఎవరో ఒకరు కదలాలి. ఎవరు కదలాలో పుస్తకంలో నా పేరుతో సహా ఉంది.

చేయి ఎత్తాలనుకున్నాను, లేవలేదు. చచ్చుబడిపోయింది. ఎత్తుతున్నానని చేతికి తెలియడానికి కాస్త సమయం పట్టింది. వేళ్ళు, మణికట్టు, మోచేయి. చెవి వెనకదాకా తెచ్చి చీమను నలిపాను.

మెట్ట అలాగే ఉంది.

ఇంకో చేయి ఎత్తాను. తల తిప్పాను. వెనక్కి చూస్తే వాకిలి నిండా మొహాలు, ఒక్కరూ గడప దాటడం లేదు. ఓబుళమ్మత్త మాత్రం సందులోంచి లేచి, తుపాకి ఆనించుకుని నిలబడింది. లోపలికి రమ్మన్నట్టు చెయ్యి చాచింది. నేను మళ్ళీ ముందుకు తిరిగి, పడుతూ లేస్తూ, మెట్ట వైపు నడవడం మొదలుపెట్టాను.

"యాడికిరా?" అంది.

పచ్చగా ఉన్నచోట నీళ్ళు ఉంటాయి. నడుస్తూనే ఉన్నాను.